పలకని అక్షరం వదిలేస్తే మార్కు కోయాలా?

రామలక్ష్మి టీచర్ (చర్చ మొదలుపెట్టినవారు)

ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. మొన్నటి యూనిట్ టెస్టులో ఒక బాబు అప్పు అనే అర్థంలో 'డెట్' రాస్తూ మధ్యలో బి వదిలేశాడు. వాక్యం బాగుంది, అర్థం బాగుంది, నోటితో పలికినట్టే రాశాడు. అర మార్కు కోశాను. దీనిమీద మా స్టాఫ్ రూములో రెండు జట్లయ్యాయి. ఆ బి అక్కడెందుకుందో మనం ఎప్పుడూ చెప్పనప్పుడు పిల్లాణ్ణి ఎలా తప్పుపడతామని కొందరు, స్పెల్లింగంటే స్పెల్లింగేనని కొందరు. నేను కోయాలనే అంటాను. మీరేమంటారు? ఏ పక్షమైనా సరే, కారణం చెప్పండి.

గోదారిగట్టు

కోయకూడదు టీచర్ గారూ. ఆ బి దొడ్డిదారిన వచ్చింది. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి దిగినప్పుడు ఆ మాటలో బి లేనే లేదు, డి-ఇ-టి-టి-ఇ అని రాసేవారు. తర్వాత పండితులు దీని మూలం లాటిన్ 'డెబితుమ్' కదా అని బి తెచ్చి ఇరికించారు. జనం నోరు మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. 'డౌట్'లో బి, 'రిసీట్'లో పి కూడా ఇలా చేరినవే. 1590ల్లోనే షేక్‌స్పియర్ తన నాటకంలో హోలోఫెర్నెస్ అనే పంతులు పాత్ర పెట్టి, ఈ మాటల్లో బి పలకనివాళ్ల మీద కేకలు వేయించాడు. అంటే అప్పటికే ఇది గొడవ. మీ బాబు రాసింది ఒకరకంగా పాత రూపానికే దగ్గర.

'ఐలండ్' సంగతి మరీ అన్యాయం. అది అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, ఎస్ ఏనాడూ లేదు. లాటిన్ 'ఇన్సులా'తో చుట్టరికం ఉందనుకుని ఎస్ దూర్చారు. ఆ చుట్టరికమే లేదు. మంచుకొండల్లో తిరిగే 'టార్మిగన్' అనే పక్షి పేరు స్కాట్లండ్ గేలిక్ మాట. 17వ శతాబ్దం చివర్లో దాన్ని గ్రీకు అనుకుని ముందు పి తగిలించారు. ఇప్పటికీ నిఘంటువులో ఆ పక్షిని పి కిందే వెతుక్కోవాలి. పొరపాటు పెద్దపెద్ద పండితులది, మార్కు పోయేది పిల్లాడిది.

ఓరుగల్లు రవి

అన్నా, ఐలండ్ గురించి నువ్వు చెప్పింది ఒప్పుకుంట. కానీ అన్ని పలకని అక్షరాలు ఒక్క తీరు కావు. 'సైన్'ల జి పలకదు, 'సిగ్నేచర్' అన్నప్పుడు పలుకుతది. 'మజిల్'ల సి పలకదు, 'మస్క్యులర్'ల పలుకుతది. 'కండెమ్' చివర ఎన్ మూగది, 'కండెమ్నేషన్'ల నోరు తెరుస్తది. పలికినట్టే రాస్తే ఇవన్నీ ఒక్క ఇంటి మాటలని కంటికి ఆనదు. 1968ల చోమ్‌స్కీ, హాలె అనే భాషాశాస్త్రవేత్తలు ఇందుకే ఇంగ్లీషు రాత దాదాపు సరైన పద్ధతేనని వాదించిన్రు. నేనంత దూరం పోను. కానీ నువ్వు దొడ్డిదారి అన్న ఆ బి నే చూడు. బ్యాంకు పాస్‌బుక్‌ల 'డెబిట్' అని రోజూ చూస్తలేమా? అందులోని బి, ఈ బి ఒక్కటే. డౌట్‌ల బి, అనుమానమున్న అనే అర్థమిచ్చే 'డ్యూబియస్'ల బి ఒక్కటే. ఎట్ల వచ్చినా ఇప్పుడు పని చేస్తున్నది. పిల్లగానికి డెబిట్ చూపించి చెప్తే జన్మల మర్చిపోడు.

డాలస్ అమ్మ

రవి గారి మాటకే ఇంకొంచెం కలుపుతాను. మా అమ్మాయి స్పెల్లింగ్ బీకి, అంటే అమెరికాలో పిల్లలకు పెట్టే జాతీయ స్పెల్లింగు పోటీకి, తయారవుతోంది. 1925 నుంచి జరుగుతున్న ఆ పోటీలో మన పిల్లలు ఎంత ముందున్నారో మీకు తెలుసు. 2019లో ఎనిమిది మందిని కలిపి విజేతలుగా ప్రకటిస్తే ఏడుగురు భారత సంతతి పిల్లలే. బయటనుంచి చూసేవాళ్లు ఇదంతా బట్టీ అనుకుంటారు. బట్టీ చాలా ఉంది, కాదనను. కానీ వేదిక మీద నిలబడ్డ పిల్లలు అడిగే ప్రశ్న గమనించండి. ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది అని అడుగుతారు. ఆ జవాబులో సగం స్పెల్లింగు దొరుకుతుంది.

2023లో గెలిపించిన మాట 'సామోఫైల్', ఇసుక నేలను ఇష్టపడే ప్రాణి. గ్రీకు అని చెప్పగానే మొదటి 'స' వెనక పి దాక్కుని ఉండొచ్చని, చివర 'ఫ'కి ఎఫ్ కాదు పి-హెచ్ అని పిల్లలకు తట్టాలి. 2024లో 'ఆబ్‌సైల్', తాడు పట్టుకుని కొండ దిగడం. జర్మన్ గనక 'ఐ' ధ్వనికి ఇ తర్వాత ఐ. 'కూమ్' అని కొండల మధ్య లోయకు ఒక మాట ఉంది, సి-డబ్ల్యూ-ఎం. ఒక్క అచ్చు కనపడదు. వెల్ష్ అని తెలిస్తే డబ్ల్యూయే అక్కడ అచ్చు పని చేస్తుందని తెలుస్తుంది. 'క్రూత్' అనే వెల్ష్ తీగవాద్యం కూడా అంతే, సి-ఆర్-డబ్ల్యూ-టి-హెచ్. వింతగా కనపడే ప్రతి మాటకీ ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరు తెలిస్తే వింత తగ్గుతుంది. అక్షరాలు తీసేస్తే ఆ ఆనవాళ్లు పోతాయి. కాబట్టి మార్కు కోయండి, కానీ కోసే ముందు ఆ కథ చెప్పి ఉండాలి.

గోదారిగట్టు

అమ్మా, మీ అమ్మాయికి శుభం కలగాలి. కానీ మనం మాట్లాడుతున్నది ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లాడి గురించి. వాడికి గ్రీకు, వెల్ష్ ఎవరు చెబుతారు?

మార్చడం కుదరదనే మాట నిజం కాదు. 'కలర్'లో యు తీసేసిన రూపాన్ని అమెరికా నిఘంటుకర్త వెబ్‌స్టర్ తన నిఘంటువులో పెడితే అమెరికా అంతా ఒప్పుకుంది. ఎందుకు, మన సంగతే చూడండి. తెలుగులో అరసున్న ఏమైంది? ఏడు అంకెకు సున్న లేకుండా, సంవత్సరమైతే 'ఏఁడు' అని రాసేవారు. 'వాఁడు' అంటే మనిషి, 'వాడు' అంటే వాడిపోవడం. గుఱ్ఱం, కఱ్ఱ అని బండి ఱ తో రాసేవారు. పలుకుబడిలో తేడా పోయింది, రాతలోనూ వదిలేశాం. గిడుగు వారు వాడుక భాష కోసం పోరాడిన నేల మనది. అరసున్న లేక ఈరోజు ఎవరికి ఏ వాక్యం అర్థం కావడంలేదు?

పాత పలక

నాయనా, అరసున్న పోలిక బాగా తెచ్చావు. నేను అరసున్నలు పెట్టి రాసిన తరంవాణ్ణే, పోయినందుకు బాధ లేదు. అయితే ఒక తేడా ఉంది. మనం వదిలేసిన ధ్వని తెలుగువాళ్లందరి నోటా పోయింది. ఇంగ్లీషు పలికినట్టు రాయాలంటే ఎవరి నోటితో? లండన్‌వాళ్లు 'కార్'లో చివరి ఆర్ పలకరు. అమెరికావాళ్లు పలుకుతారు, మనమూ పలుకుతాం. 'షెడ్యూల్' అమెరికాలో 'స్కెజూల్'. 'ప్లంబర్'లో ఇంగ్లీషువాళ్లు మింగేసే బి మనం గట్టిగా అంటాం. ఎవరి పలుకు ప్రకారం రాసినా మిగతావాళ్లకు అది కొత్త కష్టమే.

'కల్నల్' ఒక్కటి చాలు. ఇటలీలో 'కొలొనెల్లో'. ఫ్రెంచివాళ్ల నోట రెండు ల లు పక్కపక్కన ఇమడక మొదటిది ర అయి 'కొరొనెల్' అయింది. ఇంగ్లీషులోకి ర తోనే వచ్చింది. తర్వాత రాతను ఇటలీ మూలానికి దిద్దారు, పలుకు ర దగ్గరే ఆగిపోయింది. ఇవాళ ఇంగ్లీషువాడు 'కర్నెల్' అంటాడు, రాతలో ఆర్ లేదు. మనం 'కల్నల్' అంటున్నాం, రాతలో ఉన్న ఎల్‌ని చూసి.

యోధుడు అనే అర్థంలో 'నైట్' ముందున్న కె ఒకప్పుడు నిజంగా పలికిందే. 1476లో కాక్స్‌టన్ అనే ముద్రాపకుడు లండన్ దగ్గరి వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా గడ్డకట్టింది, నోరు మాత్రం మారుతూనే పోయింది. ఇక పైనుంచి ఉత్తర్వులతో మారుద్దామంటే, 1906 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు కొత్త స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ ముద్రణాలయానికి ఆదేశమిచ్చాడు. ఉక్కు వ్యాపారి కార్నెగీ డబ్బు పెట్టిన ఉద్యమం అది. ఆ డిసెంబరుకే చట్టసభ అడ్డం తిరిగింది, ఆయన వెనక్కి తగ్గాడు. 'చికాగో ట్రిబ్యూన్' పత్రిక 1934 నుంచి సొంత స్పెల్లింగులు నడిపి, 1975లో మానేసింది.

రామలక్ష్మమ్మా, డిక్టేషన్ అయితే కోయి. సోషల్ పేపర్లో రైతు అప్పుల గురించి రాస్తే కోయకు.

రామలక్ష్మి టీచర్

పలక గారూ, నమస్కారం. సోషల్ పేపర్ దిద్దేది నేను కాదు, వాళ్లకు ఈ మాట చేరవేస్తాను. ఇంగ్లీషు పేపర్లో మాత్రం కోస్తాను. రేపు పై తరగతిలో అదే మాటకు వేరే టీచరు కోస్తే వాడికి ఎవరి మాట నమ్మాలో తెలియదు. డెట్ పక్కన డెబిట్ రాసి చూపిస్తాను రవి గారూ, అది బాగుంది. ఐలండ్‌కి మాత్రం ఉన్నది ఉన్నట్టు, పెద్దవాళ్లు పొరపాటుగా పెట్టిన ఎస్ అని చెబుతాను.

గోదారిగట్టు

సరే టీచర్ గారూ. మరి 'త్రూ'ని టి-హెచ్-ఆర్-యు అని రాస్తే? అది అమెరికా నిఘంటువుల్లో ఎక్కింది కదా.

డాలస్ అమ్మ

ఎక్కింది, కానీ వ్యావహారికం అనే గుర్తుతో. ఇక్కడ ప్రతి డ్రైవ్-త్రూ బోర్డు మీదా అదే ఉంటుంది. మా అమ్మాయి వ్యాసంలో అలా రాస్తే వాళ్ల టీచరు దిద్ది పంపారు, మార్కు మాత్రం తగ్గించలేదు.