లంకల మధ్య పడవల మీదుగా సందేశాలు: రద్దీని అదుపు చేయడం ఎలా?

ప్రశ్న: వశిష్ఠతీరం

అందరికీ నమస్కారం. గోదావరికి వరద వచ్చి కాజ్‌వేలు మునిగితే కోనసీమ లంకల్లో ముందు కరెంటు పోతుంది, కొన్ని గంటలకు సెల్ టవర్లూ మూగబోతాయి. అప్పుడు లంకకూ గట్టుకూ మధ్య తిరిగేవి పడవలే కాబట్టి, పడవ నడిపేవారి ఫోనునే టపా సంచిగా వాడుకుని, ఒక రేవులో అందుకున్న సందేశాన్ని మరో రేవులో దించే ఏర్పాటును మా ఇంజనీరింగ్ ప్రాజెక్టుగా ఎంచుకున్నాము. రెండు ఫోన్లు దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఒకదానిలో లేని సందేశాలన్నింటినీ మరొకటి అందించే ఎపిడెమిక్ పద్ధతిని, ఇలాంటి నెట్‌వర్కులను కంప్యూటర్‌లో అనుకరించే ‘వన్’ సిమ్యులేటర్‌లో నడిపి చూశాము. సందేశాలు చిన్నవిగా, కొద్దిగా ఉన్నంతవరకు ఫలితం బాగానే ఉంది. ఫొటోలు కలిపేసరికి, డయాలసిస్ రోగిని తరలించమని కోరే సందేశం కూడా గమ్యం చేరకుండానే రాలిపోతోంది. ఫోనులో సందేశాలు దాచుకునే జాగాను, అంటే బఫర్‌ను, పెంచినా ఒరిగింది అంతంతమాత్రమే. ఇంటర్నెట్‌లో డేటా చేరవేసే టీసీపీ నియమావళి మాదిరిగా పంపే వేగాన్ని తగ్గించే ఉపాయం ఇక్కడ పనికివస్తుందా?

జవాబు: కాలువగట్టు

ఆ ఉపాయం ఇక్కడ పనిచేయదు. పంపిన డేటా ముక్క (ప్యాకెట్) పోయిందనో, రసీదు ఆలస్యమైందనో గ్రహించి టీసీపీ తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అందుకు పంపేవారి నుంచి అందుకునేవారి వరకు ఒకే సమయంలో తెగని దారి ఉండాలి. మీ పడవల విషయంలో రసీదు తిరిగి రావడానికే పూట పట్టవచ్చు, అప్పటికి రద్దీ ఎక్కడి నుంచి ఎక్కడికో మారిపోతుంది. కాబట్టి నిర్ణయం ప్రతి ఫోనూ తనంతట తాను, తన దగ్గరున్న సమాచారంతోనే తీసుకోవాలి.

బఫర్ పెంచినా ఫలితం ఎందుకు రాలేదో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఎదురెదురుగా వచ్చే రెండు పడవల ఉమ్మడి వేగం సెకనుకు 5 మీటర్లు, వైఫై అందే దూరం 100 మీటర్లు అనుకుందాము. అవి పరస్పరం అందుబాటులో ఉండేది 40 సెకన్లు. గుర్తుపట్టి జతకట్టడానికి 10 సెకన్లు పోతే, సెకనుకు ఒక మెగాబైటు చొప్పున ఇచ్చిపుచ్చుకోగలిగేది 30 మెగాబైట్లు, అంటే మూడేసి మెగాబైట్ల ఫొటోలు పది. అదే వ్యవధిలో ఒక్కో కిలోబైటు ఉండే రాత సందేశాలు వేలకొద్దీ వెళ్లిపోతాయి. ఇప్పటి ఫోన్లలో జాగాకు కరువు లేదు, కరువల్లా కలిసి ఉండే ఆ కాసేపటికే. అందువల్ల మీరు ముందుగా తేల్చుకోవలసింది ఏది పారేయాలన్నది కాదు, ఏది ముందు పంపాలన్నది.

ఆ వరుసలో ప్రాణాపాయ సందేశాలు మొదట రావాలని వేరే చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం నీటిమట్టం వంటి ప్రకటనల విషయంలో మాత్రం మరో వెసులుబాటు ఉంది. మట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక వెలువడ్డాక, 11.75 అడుగుల దగ్గర ఇచ్చిన మొదటి హెచ్చరికను మోసుకు తిరగడం దండగ. అటువంటి ప్రకటనలకు ఒక పేరూ, ఒక వరుస సంఖ్యా ఇచ్చి, కొత్తది అందగానే పాతదాన్ని చెరిపివేసేలా రాయండి. ఫొటోలకైతే ఆయుష్షు కొద్ది గంటలకు మించకుండా పెట్టండి.

ఇక నకళ్ల సంగతి. 2000లో వచ్చిన ఎపిడెమిక్ పద్ధతికి నకళ్ల మీద అదుపే లేదు. 2005 నాటి స్ప్రే అండ్ వెయిట్‌లో ఒక్కో సందేశానికి ఇన్నే నకళ్లని ముందే కేటాయిస్తారు. ఎనిమిది అనుకుంటే, మొదటి ఫోను ఎదురైన ఫోనుకు నాలుగింటి హక్కు అప్పగిస్తుంది, అది మరోదానికి రెండు, అలా పంచుతూ ఒక్కటే మిగిలిన ఫోను ఇక గమ్యం నేరుగా కలిసేవరకు ఆగుతుంది. దీనితో రద్దీకి మొదట్లోనే కళ్లెం పడుతుంది. అయితే ఒకే రెండు రేవుల మధ్య తిరిగే పడవ చేతిలో చివరి నకలు చిక్కితే అది ఎన్నటికీ ముందుకు కదలదు. అందుకే ఆ చివరి నకలును కూడా గమ్యాన్ని ఎక్కువగా కలిసే ఫోనుకు అప్పగించే స్ప్రే అండ్ ఫోకస్ మీ నదికి మెరుగని నా అభిప్రాయం.

జవాబు: పంటురేవు

పైన చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. గమ్యాన్ని ఎక్కువగా కలిసే ఫోనును ఎంచుకోవడం మొదలుపెడితే, భారమంతా సఖినేటిపల్లి–నరసాపురం పంటు వంటి ఒకే వాహకం మీద పడుతుంది. ఏ ఫోను దేన్ని ఎంత తరచుగా కలిసిందన్న పాత పరిచయాలను బట్టి, గమ్యం చేర్చే సంభావ్యతను లెక్కించే ప్రోఫెట్ పద్ధతిలోనూ (అది 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6693 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది) ఇదే చిక్కు ఎదురవుతుంది: అందరికీ మంచి వాహకమని తోచిందే అందరికంటే ముందు కిక్కిరిసిపోతుంది. ఫోన్లు పరిచయ సమయంలో తమ దగ్గర పంపవలసినది ఎంత పేరుకుందో కూడా చెప్పుకుని, ఆ మేరకు సంభావ్యతను తగ్గించి చూసుకుంటే భారం పక్క పడవలకు మళ్లుతుంది. దారి కొంత చుట్టు కావచ్చు, అయినా నిలిచిపోవడం కన్నా నయం.

రెండోది, చేరిన సందేశాల నకళ్లు ఇంకా తిరుగుతూనే ఉండడం. 2006లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారు ఆమ్‌హర్స్ట్ బస్సుల మీద పరీక్షించిన మ్యాక్స్‌ప్రాప్‌లో, ఫలానా సందేశం అందిందన్న చిన్న రసీదును అన్ని బస్సులకూ వ్యాపింపజేసి నకళ్లను తుడిపించేవారు. రసీదు కొన్ని బైట్లే కాబట్టి 40 సెకన్లలో దానికే తొలి తాంబూలం ఇవ్వండి.

ప్రశ్నకర్త: వశిష్ఠతీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. వరద ఉద్ధృతమైతే పంటు తిరగడమే ఆపేస్తారు కదా, అప్పుడు పాత పరిచయాల లెక్క తప్పుదారి పట్టించదా? సందేశాన్ని అందుకున్న ఫోను దాన్ని ముందుకు చేర్చే బాధ్యతను కూడా తీసుకునే కస్టడీ బదిలీని చేర్చడం మంచిదేనా?

జవాబు: పంటురేవు

తప్పక పట్టిస్తుంది. ప్రోఫెట్‌లో కాలం గడిచేకొద్దీ సంభావ్యతను తగ్గించే గుణకం ఉంటుంది. మూడో ప్రమాద హెచ్చరిక సందేశం అందగానే ఆ గుణకాన్ని మరింత తగ్గించి, పాత పరిచయాలు త్వరగా మరుగున పడేలా చేయండి. సిమ్యులేషన్‌లో కూడా ఇష్టారాజ్యంగా తిరిగే యాదృచ్ఛిక కదలికను వదిలేసి, రేవులను స్థిర బిందువులుగా పెట్టి, మామూలు రోజులకు ఒకటి, పంటు ఆగిన రోజులకు ఒకటి, రెండు వేర్వేరు కదలికలు రాయండి.

కస్టడీ విషయంలో తొందరపడవద్దు. బాధ్యత ఒప్పుకున్న ఫోను ఆ సందేశాన్ని వదిలించుకోలేదు కాబట్టి రద్దీ వేళ అది మరింత బిగుసుకుపోతుంది. 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5050లో ఉన్న ఈ ఏర్పాటును 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9171లో, ఇలా ఆగి ఆగి సాగే నెట్‌వర్కుల కోసం రాసిన బండిల్ ప్రొటోకాల్ మూల నియమాల నుంచి తప్పించారు. మీకు తప్పనిసరి అనిపిస్తే, దాన్ని రేవు గట్టున సోలార్ పలకతో నడిచే పెట్టెకే పరిమితం చేసి, పడవలోని ఫోన్లకు నిరాకరించే హక్కు ఇవ్వండి.