ఉబుంటు కోసం విండోస్ రక్షణను ఆపేయవచ్చా?

కడప విద్యార్థి:
డిగ్రీ ప్రాజెక్టు కోసం వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపే ప్రోగ్రాము) ఉబుంటు 24.04 అనే లినక్స్ వ్యవస్థను ఎక్కిస్తున్నాను. లాప్‌టాప్‌లో విండోస్ 11, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. వర్చువల్ మెషీన్‌కు 2 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ ఇచ్చాను. ఫైళ్లు కాపీ అవుతుండగా ఇన్‌స్టాలర్ విండో ఉన్నట్టుండి మాయమవుతోంది. మూడుసార్లూ అక్కడే. ఉబుంటు ఇన్‌స్టలేషన్ ఫైలును (ఐఎస్ఓ) ఫోను హాట్‌స్పాట్ మీద దించుకున్నాను కాబట్టి అనుమానం వచ్చి, ఫైలు చెడిపోలేదని తేల్చే ఎస్‌హెచ్ఏ256 సంఖ్యను సరిచూశాను. సరిపోయింది. మెషీన్ విండో అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోంది. విండోస్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణను ఆపేస్తే చక్కబడుతుందని మిత్రుడు అంటున్నాడు. ఆపేయవచ్చా?

అనంతపురం ప్రోగ్రామర్:
ఆపెయ్యి తమ్ముడూ. ఆ తాబేలే సాక్ష్యం. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యాన్ని మెమరీ ఇంటెగ్రిటీ ఆధారపడే హైపర్-వీ (వర్చువల్ మెషీన్లను నడిపే విండోస్ భాగం) ముందే చేజిక్కించుకుంది, వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి కుంటుతోంది అని దాని అర్థం. నా లాప్‌టాప్‌లోనూ ఇన్‌స్టలేషన్ సగంలో బిగుసుకుపోయేది. మెమరీ ఇంటెగ్రిటీ ఆపి రీస్టార్ట్ చేశాక ఒకే విడతలో పూర్తయింది.

కర్నూలు ల్యాబ్ టీచర్:
తొందరపడకు బాబూ. తాబేలు చెప్పేది నెమ్మదిగా నడుస్తోందని. నీ ఇన్‌స్టాలర్ నెమ్మదించడం లేదు, చచ్చిపోతోంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ కనీసం 4 జీబీ ర్యామ్ అడుగుతుంది, నువ్వు ఇచ్చింది అందులో సగం. ఇన్‌స్టలేషన్ సాగుతున్నప్పుడు డెస్క్‌టాప్, ఇన్‌స్టాలర్, తాత్కాలిక ఫైళ్లు అన్నీ ఆ 2 జీబీలోనే ఇరుక్కోవాలి. చోటు అయిపోతే లినక్స్ కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగం) ఎక్కువ మెమరీ తింటున్న ప్రోగ్రామును వెతికి చంపేస్తుంది. ఈసారి విండో మాయమైన వెంటనే టెర్మినల్ తెరిచి కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) ఆదేశాన్ని సుడోతో, అంటే అడ్మిన్ హక్కుతో (sudo dmesg) నడుపు. చివరి వరుసల్లో 'అవుట్ ఆఫ్ మెమరీ' అని ఉందేమో చూడు.

మెమరీ ఇంటెగ్రిటీ అంటే సరైన సంతకం లేని డ్రైవర్లు విండోస్ కెర్నెల్‌లోకి చొరబడకుండా కాసే కాపలా. మా విద్యార్థులు బ్యాంకు లావాదేవీలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు కూడా అదే లాప్‌టాప్‌లో చేసుకుంటారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవద్దు.

అనంతపురం ప్రోగ్రామర్:
మేడమ్, ఇంటికి నిప్పు అనడం అతిశయోక్తి. అది కావాలన్నప్పుడు మళ్లీ వేసుకునే స్విచ్. పైగా 8 జీబీలో 4 జీబీ ఇచ్చేస్తే విండోస్ ఊపిరి పీల్చుకోవడం కష్టమవుతుంది. అప్పుడు రెండూ ఈడ్చుకుంటూ నడుస్తాయి.

కర్నూలు ల్యాబ్ టీచర్:
మళ్లీ వేసుకోవచ్చు, నిజమే. పని జరిగిపోయాక ఎంతమంది గుర్తు పెట్టుకుని వేస్తారు? నేను చూసినంతలో చాలా తక్కువ. ర్యామ్ ఇబ్బందికి మాత్రం మీ మాట కాదనను. ఇన్‌స్టలేషన్ సాగుతున్నంతసేపు బ్రౌజర్ మూసేసుకుంటే సరిపోతుంది. అదీ చాలకపోతే ఉబుంటులోనే తేలికైన రకం లుబుంటు ఉంది. ఒక్క మాట బాబూ, రెండు మార్పులు ఒకేసారి చేయకు. ఏది పనిచేసిందో తెలియదు.

కడప విద్యార్థి:
లాగ్‌లో ఆ వరుస దొరికింది మేడమ్. 'అవుట్ ఆఫ్ మెమరీ', దాని పక్కనే చంపేసిన ప్రాసెస్ సంఖ్య. ర్యామ్‌ను 4096 ఎంబీకి పెంచి, బ్రౌజర్ మూసి, మెమరీ ఇంటెగ్రిటీ జోలికి వెళ్లకుండా మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చివరిదాకా వెళ్లింది. తాబేలు అలాగే ఉంది. మెనూలు తెరుచుకోవడం కాస్త ఆలస్యమవుతోంది.

అనంతపురం ప్రోగ్రామర్:
ఇన్‌స్టాలర్ పడిపోవడం గురించి మేడమ్ చెప్పిందే సరైనది, ఒప్పుకుంటున్నాను. నా మెషీన్‌లో బిగుసుకుపోయింది, ఇక్కడ చచ్చిపోయింది. ఆ తేడా నేను గమనించలేదు. కానీ రేపు ప్రాజెక్టు కంపైల్ చేసేటప్పుడు ఆ నెమ్మదితనం ప్రాణం తీస్తుంది. అప్పుడైనా ఆపక తప్పదనే నా అభిప్రాయం.

కర్నూలు ల్యాబ్ టీచర్:
అప్పుడు కొలిచి చూసి నిర్ణయించుకోనివ్వండి. బాబూ, ఇంకేమీ కదిలించకముందే మెషీన్‌ను ఆపి ఒక స్నాప్‌షాట్ (అవసరమైతే వెనక్కి రావడానికి ఇప్పటి స్థితి నకలు) తీసి పెట్టుకో.