ఇరకం దీవికి పక్షుల కాలంలో మోటారు పడవ మీద పోవచ్చా?

శేషాచలం517

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా తడ చేరుకుని, భీములవారిపాళెం రేవులో పడవెక్కితే పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి పోవచ్చు. 2025 జనవరి ఫ్లెమింగో పండగలో ఈ దీవిని కూడా చేర్చారు. అప్పటినుంచి సెలవు రోజు ప్రశాంతంగా గడపాలనుకునేవాళ్లు దీని పేరే ఎత్తుతున్నారు. తేల్చుకోవాల్సింది ఒకటుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షులు దిగి ఉంటాయి. ఆ నెలల్లో మోటారు పడవ బాడుగకు మాట్లాడుకుని సరదాకి సరస్సంతా తిరగడం సబబేనా? వేరే కాలంలో పోతే సరిపోదా? విషయం తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

గూడబాతు

సబబు కాదు. ఫ్లెమింగో తల కిందులుగా పెట్టి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టుకుని తింటుంది. దొరికేది కంటికి ఆననంత చిన్న జీవులు, నాచు. కడుపు నిండాలంటే గంటల తరబడి మేస్తూనే ఉండాలి. పడవ దగ్గరపడితే మొదట మేత ఆపి తలెత్తుతుంది, తర్వాత గుంపుగా పక్కకు నడుస్తుంది, ఆ తర్వాత నీళ్లమీద పరుగుతీసి లేస్తుంది. ఫొటోలో అందంగా కనబడేది ఆ లేవడమే, పక్షికి ఎక్కువ శక్తి ఖర్చయ్యేదీ అదే. గుంపు మళ్లీ దిగి కుదురుకునేలోపు ఇంకో పడవొస్తే ఆ పూట మేత పోయినట్టే.

పులికాట్ 1976 నుంచి పక్షుల సంరక్షణ కేంద్రం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అక్కడ ప్రాణుల్ని వేధించడం, చెత్త వెయ్యడం రెండూ నిషేధం.

పక్షుల్ని చూడటానికి పడవే అక్కర్లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. 8x42 బైనాక్యులర్ ఉంటే అటకానితిప్ప దగ్గర నిలబడే బాగా చూడొచ్చు. ఉదయం పోయేటప్పుడు ఎండ కళ్లలో కొడుతుంది కాబట్టి తిరుగు దారిలో, సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకుని చూడండి. బండి పూర్తిగా రోడ్డు దింపి ఆపాలి.

పడవరేవు

గూడబాతు గారూ, పక్షి గురించి మీరు రాసిందంతా నిజమే. పడవ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఇరకంలో జనం కాపురముంటున్నారు. రేషనుకు, ఆసుపత్రికి, పనులకు ఏడాది పొడుగునా పడవ మీదే రావాలి. రేవుకీ దీవికీ మధ్య వాళ్లు తిరిగే దారి కాస్త లోతైనది. ఫ్లెమింగోలు మేసేది మోకాటి లోతులో. జనం ఎక్కిన పడవ ఆ దారి వదలకపోతే మేత మడుగుల జోలికే పోదు.

తంటా అంతా "అన్నా, ఇంకొంచెం దగ్గరికి పోనీ" అనేవాళ్లతోనే. లోతు తగ్గగానే, పడవ వెనక బయటివైపు తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజను చల్లదనానికి పీల్చే నీళ్లతోపాటు బురద కూడా లాగేస్తుంది. పంపులోని రబ్బరు చక్రం అరుగుతుంది, నీటిదారి పూడుకుంటుంది. ఇంజను వెనక సన్నటి ధారగా నీళ్లు చిమ్ముతుంటాయి చూడండి, అది ఆగిందంటే వెంటనే ఇంజను ఆపాలి. ఆపకపోతే వేడెక్కి పట్టేస్తుంది. నాచు ఫ్యానుకు చుట్టుకోవడం, వల గుంజ తగిలి, ఫ్యానును ఇరుసుకు పట్టి ఉంచే షియర్ పిన్ను తెగడం కూడా ఇలాంటిచోటే. అదనపు పిన్ను, కటింగ్ ప్లేయరు, పొడవాటి గెడ లేని పడవ ఎక్కొద్దు.

వేరే కాలం సంగతంటారా, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు బాగా తగ్గిపోతాయి. రాయదొరువు, తూపిలిపాళెం వైపు సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడం వల్ల పోటు నీళ్లు సరిగా లోపలికి రావు. ఉత్తర భాగం బీటలు వారుతుంది. ఒడ్డు దాకా పడవ రాకపోతే బురదలో దిగి నడవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీళ్లుంటాయి గానీ తుపాన్లు కూడా అప్పుడే. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి నెలాఖరు దాకా అనువైన కాలం. అది పక్షుల కాలంలోనే పడుతుంది, తప్పదు.

గూడబాతు

అవుట్‌బోర్డుకైతే మీ లెక్క సరే. పొడవాటి కడ్డీ చివర ఫ్యాను ఉండే లాంగ్ టెయిల్ ఇంజనుకు కాదు. దాని కడ్డీ పైకెత్తితే ఫ్యాను నీటిమట్టం దగ్గరే తిరుగుతుంది, కాబట్టి తక్కువ లోతులోకీ దూరిపోతుంది. మోత కూడా ఎక్కువ. ఊరిజనం పోయే పడవలో, వాళ్ల దారిలో పోతే నాకు అభ్యంతరం లేదు. విడిగా పడవ బాడుగకు తీసుకుని చుట్టూ తిరగడం పక్షుల కాలంలో ఆపాలి. సంక్రాంతి తర్వాతే అనువు అంటున్నారంటే, వచ్చే పడవలన్నీ ఆ కొద్ది వారాల్లోనే వచ్చిపడతాయి. ఆ రద్దీ గుంపులకు ఇంకా ప్రమాదం.

దీవికోడలు

పక్షులు, ఇంజన్లు అని ఇద్దరూ రాస్తా ఉండారు, వలల మాట ఎవరూ ఎత్తలేదు. పులికాట్‌లో రొయ్యలకు వల కట్టే చోట్లను పాడు పద్ధతిలో వంతులవారీగా పంచుకుంటారు. ఒకరి వంతు రోజున మీ పడవ అడ్డంగా పోయి వల తెగిందంటే వల ఖర్చుతో పోదు, ఆ రోజు వంతు కూడా పోయినట్టే. మళ్లీ తన పాడు వచ్చేదాకా ఆగాల్సిందే. వరసగా గుంజలు కనబడితే వాటి చివరి నుంచి చుట్టుకుని పొమ్మని పడవాయనకు మీరే చెప్పండి. బాడుగ ఇచ్చేది మీరే కాబట్టి మీ మాట వింటాడు.

టెంట్లు వేసి రాత్రి ఉంటామనేది మానుకోండి. చుట్టూ ఉప్పునీళ్లే, తాగే నీళ్లు ఊరికి ఎంత అవసరమో ఆలోచించండి. మనిషికి 3 లీటర్లు మీరే తెచ్చుకోండి. తెచ్చిన ప్లాస్టిక్కు, పిల్లల డైపర్లు అన్నీ ఒక సంచిలో కట్టి వెనక్కి తీసకపోవాల. గాలికి లేచిన కవరు నేరుగా సరస్సులోకే పోతాది. రావొద్దని అనడం లేదు. వచ్చినోళ్లు ముందే చెప్పి ఊళ్లో అన్నం, చేపల పులుసు చేయించుకుని డబ్బులిస్తే మాకూ నాలుగు రూపాయలు మిగులుతాయి. చాటుగా పోయి మందు తాగే గుంపులు మాత్రం వద్దే వద్దు.

ఎదురుగాలి

"లోతు లేదులే" అనే ధీమా గురించి రాయాలి. సరాసరి మీటరు లోతే కావచ్చు, కానీ అడుగున మెత్తటి బురద. పడినవాడి కాళ్లు దిగబడతాయి, లాక్కోబోతే ఇంకా దిగుతాయి. 2011 డిసెంబరు 25న ఇదే సరస్సు తమిళనాడు వైపు, పళవేర్కాడు దగ్గర విహారానికి వచ్చిన పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. లైఫ్ జాకెట్లు లేవు.

అందరూ ఎక్కి కూర్చున్నాక నీటికీ పడవ అంచుకీ మధ్య అడుగు ఎత్తైనా మిగలకపోతే ఇద్దరు ముగ్గురు దిగిపోవాలి. ఫొటో కోసం అందరూ ఒకేపక్కకు లేవకూడదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలవుతుంది. లోతు తక్కువైన వెడల్పాటి నీళ్లలో అలలు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే లేస్తాయి. తిరుగు ప్రయాణంలో అవి వెనక నుంచి తగులుతాయి. కాబట్టి ఉదయం 7 లోపు బయలుదేరి 11కల్లా రేవు చేరడం మేలు. దీవికోడలు గారు చెప్పిన భోజనం కావాలంటే పెందలాడే వండించుకోండి, లేదా గాలి చూసి పడవాయన చెప్పినదాకా ఆగండి. చీకటి పడేవేళ మాత్రం నీటి మీద ఉండకూడదు.

శేషాచలం517

ఊరి పడవలో, ఊరి దారిలో, ఉదయం పూట పోవడమే నాకు సరైనదిగా తోస్తోంది. బాడుగ పడవ మీద గూడబాతు గారి మాట పడవరేవు గారు ఒప్పుకుంటారో లేదో చూడాలి. ఐదారేళ్ల పిల్లలకు పెద్దల జాకెట్టే బిగించి కడితే సరిపోతుందా?

ఎదురుగాలి

సరిపోదు. జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది పెద్దది, నీళ్లలో పడితే పిల్లాడు కిందికి జారిపోతాడు. పిల్లల కొలతదే కావాలి, కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ తప్పకుండా ఉండాలి. లోపల ఎంత బరువుకో రాసుంటుంది, చదవండి. రేవులో ఆ కొలత దొరుకుతుందన్న నమ్మకంతో పోవద్దు, తిరుపతి నుంచే కొనుక్కుని పోండి.

పడవరేవు

బాడుగ పడవలు పూర్తిగా ఆపాలంటే ఒప్పుకోను, రేవులో కొన్ని కుటుంబాలకు అదే కూడు. పండగ రోజుల్లో పడవల సంఖ్యకు హద్దు పెట్టి, లాంగ్ టెయిల్ పడవలు దారి తప్పకుండా రంగు జెండాల గుంజలు పాతితే చాలు. గుంజలు ఎక్కడ పాతాలో పాడు పెద్దల్ని అడిగి నిర్ణయించాలి.