జబ్బ టెండన్‌లో వాపు కణాలు లేవని రిపోర్టు వచ్చింది: మరి రెండేళ్ల నొప్పికి కారణం ఏమిటి?

సుద్దముక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా వయసు 49. ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. ఇరవై రెండేళ్లుగా కుడిచేతిని భుజం కంటే పైకెత్తి నల్లబల్లపై రాస్తున్నాను. రెండేళ్ల క్రితం భుజం ముందు భాగంలో, ఒక్క వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి మొదలై, మెల్లగా జబ్బలోకి దిగింది. రాత్రివేళ ఆ పక్కకు తిరిగి పడుకోవడం అసాధ్యమైంది. జబ్బ కండరపు పొడవైన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి కణజాలం) మందమై, కొంత చీలిందని ఎమ్మారైలో తేలింది. మాత్రలు, రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, వ్యాయామాలు పూర్తయినా ఉపశమనం నిలవకపోవడంతో, ఏడు వారాల క్రితం ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే శస్త్రచికిత్స) ద్వారా పాడైన భాగాన్ని కత్తిరించి, మిగిలిన టెండన్‌ను చేయి ఎముకకు బిగించారు. దీనిని టెనోడీసిస్ అంటారని చెప్పారు. రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి పట్టి ఉంచే టెండన్ల గుంపు) కాస్త అరిగినా కుట్లు అవసరం లేదన్నారు.

తీసిన ముక్కపై వచ్చిన బయాప్సీ రిపోర్టులో మిక్సాయిడ్ మార్పులు, కొలాజెన్ (టెండన్‌కు బలమిచ్చే ప్రొటీన్) పోగుల అమరిక చెదరడం, కొత్త రక్తనాళాలు కనిపించాయని, చెప్పుకోదగిన వాపు కణాలు లేవని ఉంది. రెండేళ్లపాటు వాపు తగ్గే మాత్రలు వాడిన నాకు ఈ చివరి మాట మింగుడుపడడం లేదు. ఆ చికిత్స అంతా పొరపాటేనా? రెండవ సందేహం: ఇప్పుడు నొప్పి దాదాపు లేదు కాబట్టి బల్లపై రాయడం, నీళ్ల బకెట్టు ఎత్తడం మొదలుపెట్టవచ్చా? సర్జన్‌ను మళ్లీ కలవడానికి మూడు వారాల గడువుంది.

సూక్ష్మదర్శిని

మాస్టారూ, నేను హిస్టోపాథాలజీ (కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించే) విభాగంలో పనిచేస్తున్నాను. మీ స్లైడు నేను చూడలేదు కనుక, ఇలాంటి రిపోర్టుకు సాధారణంగా ఉండే అర్థం మాత్రమే రాస్తున్నాను.

ఆరోగ్యవంతమైన టెండన్ సూక్ష్మదర్శినిలో మగ్గంపై బిగించిన పడుగులా ఉంటుంది. ఒకటవ రకం కొలాజెన్ పోగులు ఒకే దిశలో, చిన్న అలలతో, దగ్గరదగ్గరగా సాగుతాయి. వాటి మధ్య టెనోసైట్లు అనే సన్నని కణాలు వరుసగా ఒదిగి ఉంటాయి. ఏళ్ల తరబడి ఒరిపిడికి, లాగుడుకు గురై, మరమ్మతు అరుగుదలను అందుకోలేకపోయినప్పుడు, పోగులు తెగి విడిపోతాయి; తెగినచోట సన్నని, బలం తక్కువైన మూడవ రకం కొలాజెన్ పెరుగుతుంది. పోగుల మధ్య ఖాళీల్లో నీటిని పట్టి ఉంచే జిగురు వంటి గ్లైకోసమినోగ్లైకాన్లు చేరుతాయి. మీ రిపోర్టులోని మిక్సాయిడ్ అన్న మాటకు అర్థం ఇదే. ఆల్షియన్ బ్లూ రంగు వేస్తే ఈ జిగురు నీలంగా కనబడుతుంది. ధ్రువిత కాంతిలో చూస్తే, మెరవవలసిన పోగులు ఆ చోట మసకబారి ఉంటాయి. ఎమ్మారైలో మీ టెండన్ మందంగా కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. లావెక్కిన టెండన్ బలపడిన టెండన్ కాదని అందుకే గట్టిగా చెబుతున్నాను.

కణాలు కూడా మారతాయి. సన్నగా ఉండవలసినవి గుండ్రంగా, మృదులాస్థి కణాల్లా తయారవుతాయి. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి: ఈ టెండన్ చేయి ఎముక పైభాగంలోని గాడిలో నుంచి జారుతుంది కనుక, ఎముకకు ఆనే వైపున మృదులాస్థి లక్షణాలు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి. ఒత్తిడికి అది శరీరం చేసుకున్న సర్దుబాటు. ముక్క ఏ చోటి నుంచి వచ్చిందో తెలియకుండా అటువంటి కణాలను చూసి జబ్బు అని రాయడం తగదు.

వాపు లేకపోతే నొప్పి ఎక్కడిదని మీరు అడిగారు. ఈ టెండన్‌లో, ముఖ్యంగా అది పుట్టే చోటికి దగ్గరగా, నొప్పిని మోసే నరాల పోగులు వల మాదిరిగా ఉంటాయి. నొప్పి సంకేతాలకు తోడ్పడే సబ్‌స్టెన్స్ పి వంటి రసాయనాలు అక్కడ ఉన్నట్లు పరిశోధనల్లో తేలింది. పైగా, టెండన్‌ను చుట్టి ఉండే తొడుగు భుజం కీలు లోపలి పొరకు కొనసాగింపే కాబట్టి, టెండన్ లోపల వాపు కణాలు లేకున్నా తొడుగులో నిజమైన వాపు ఉండవచ్చు. మీకు పరీక్షించినది చివరి దశలో తీసిన ఒక ముక్కను మాత్రమే; రెండేళ్ల క్రితం తొడుగు ఎలా ఉందో అది చెప్పలేదు. కాబట్టి మాత్రలు, తొడుగులోకి ఇచ్చిన ఇంజెక్షను పొరపాటని నేను అనను. అవి నొప్పిని తగ్గించగలవు. చెదిరిన పోగులను తిరిగి పేర్చలేవు. ఇంజెక్షన్లు పదేపదే తీసుకుంటే, ముఖ్యంగా సూది టెండన్ లోపలికే దిగితే, అది బలహీనపడుతుందన్న సంగతి రోగికి ముందే చెప్పాలని నా అభిప్రాయం.

మెల్లగా_నడక

నేను ఫిజియోథెరపిస్టును. మీ రెండవ సందేహానికి సమాధానం రాస్తాను, ఎందుకంటే ఈ దశలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. నొప్పి పోయిందంటే పాడైన భాగం మీద లాగుడు పోయిందని అర్థం. టెండన్ కొత్త చోట ఎముకలో అతుక్కుందని కాదు. మొదటి వారాల్లో పట్టు అంతా స్క్రూదో, బటన్‌దో, దారానిదో. ఆ లోపల టెండన్‌కూ ఎముకకూ మధ్య రక్తనాళాలతో కూడిన మెత్తని కణజాలం ఏర్పడి, క్రమంగా అందులో కొలాజెన్ పోగులు ఎముకలోకి పాతుకుంటాయి. కుక్కల మీద జరిపి 1993లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, ఎముక రంధ్రంలో ఉంచిన టెండన్ తొలి వారాల్లో లాగితే ఊడివచ్చింది. 12 వారాలకు మాత్రం ఎముకలోంచి ఊడిరాలేదు. మనుషులకు ఇదే లెక్క అచ్చంగా వర్తిస్తుందని అనలేము గానీ, తొందర ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

చాలామంది సర్జన్లు 4 నుంచి 6 వారాలు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) వాడమని, అంతవరకు మోచేతిని బరువు పెట్టి మడవవద్దని చెబుతారు. తరువాత సొంత బలంతో కదలిక, సుమారు 8 వారాల తరువాత తేలికపాటి వ్యాయామం, 12 వారాలకు బలం పెంచే కసరత్తు, 4 నుంచి 6 నెలలకు బరువు పనులు. జబ్బ కండరం మోచేతిని మడవడంతో పాటు అరచేతిని పైకి తిప్పుతుంది. అందుచేత బకెట్టు ఎత్తడమే కాదు, తడిబట్టలు పిండడం, బిగిసిన సీసా మూత తిప్పడం, స్క్రూడ్రైవర్ వాడడం కూడా ఇప్పుడు వద్దు. సుద్దముక్కకు బరువు లేకపోయినా, గంటసేపు పైకెత్తి ఉంచిన చేతికి బరువు ఉంది. అరిగిన రొటేటర్ కఫ్‌కు అది మంచిది కాదు. ముందు బల్ల ఎదుట, ఛాతీ ఎత్తులో, అయిదు నిమిషాలతో మొదలుపెట్టడానికి మీ సర్జన్ అనుమతి తీసుకోండి.

ఒక్కసారిగా ఏదో తెగినట్లు అనిపించి జబ్బ కిందికి ఉండలా జారినా, గాయం ఎర్రబడి జ్వరం వచ్చినా, ముంజేతి బయటి వైపు కొత్తగా తిమ్మిరి పట్టినా, మూడు వారాలు ఆగవద్దు, వెంటనే వెళ్లండి.

పొలంగట్టు

మా నాన్నగారికి 68 ఏళ్లప్పుడు ఇదే టెండన్‌ను కత్తిరించి వదిలేశారు, ఎముకకు బిగించలేదు. దానిని టెనాటమీ అన్నారు. జబ్బ కాస్త కిందికి దిగి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, మొదటి నెలల్లో పార పట్టినప్పుడు కండరం పట్టేసేది. ఆ కండరానికి పొట్టి తల ఒకటి అదే భుజపు రెక్క ఎముకపై వేరే చోటి నుంచి వస్తుందని, అది చెక్కుచెదరలేదు కాబట్టి చేయి పనికిరాకుండా పోదని డాక్టరుగారు ముందే వివరించడం వల్ల మేము భయపడలేదు. ఆయన త్వరగానే పొలానికి వెళ్లారు. మీ వయసుకు, పనికి బిగించడమే ఎంచుకుని ఉంటారు. అందుకే మీకు ఆగవలసిన కాలం ఎక్కువ.

సుద్దముక్క

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఒక విషయం రాయడం మరిచాను: నాకు ఆరేళ్లుగా మధుమేహం ఉంది.

మెల్లగా_నడక

అది ముఖ్యమైన విషయమే. మధుమేహం ఉన్నవారిలో కణజాలం మానడం నెమ్మదిస్తుంది, భుజం బిగుసుకుపోయే అవకాశం కూడా ఎక్కువ. చక్కెరను అదుపులో ఉంచండి; బరువు వద్దన్నాను కదా అని చేతిని కదపకుండా ఉంచకండి. సర్జన్ అనుమతించిన మేరకు ఎడమచేతి సాయంతో కుడిచేతిని రోజూ పైకి, పక్కకు కదిలించండి.

సుద్దముక్క

అలాగే చేస్తాను. టెండన్‌ను దేనితో బిగించారో ఆపరేషన్ నోట్సులో చూపించమని ఈసారి సర్జన్‌ను అడుగుతాను. ఈ మూడు వారాలూ లెక్క నేను నోటితో చెబుతాను, బల్లపై పిల్లలే రాస్తారు.