అమెరికా పోలీసులు మళ్లీ 9 ఎం.ఎం.కు ఎందుకు మళ్లారు?

ప్రశ్న: అమెరికా పోలీసు శాఖలు రివాల్వర్లు వదిలి .40 క్యాలిబర్ (తూటా వ్యాసం 0.40 అంగుళం) పిస్టళ్లు పట్టి, తరువాత అంతకంటే సన్నని 9 ఎం.ఎం. (మిల్లీమీటర్ల) తూటా పిస్టళ్లకు ఎందుకు తిరిగి వచ్చాయో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1: దీని మూలం 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పుల్లో ఉందండి. ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు మరణించిన ఆ ఘటనలో, నిందితుడి చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలో దిగిన 9 ఎం.ఎం. తూటా గుండెను చేరకముందే ఆగిపోవడంతో, ఎఫ్‌బీఐ మరింత శక్తిమంతమైన 10 ఎం.ఎం. తూటా వైపు మొగ్గింది. దాని అదురు (పేల్చినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నే దెబ్బ) చాలామందికి లొంగలేదు, 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) తూటా వచ్చి ఆ చోటు ఆక్రమించింది.

జవాబు 2: అప్పటి లోపం పిస్టల్‌ది కాదు, తూటాది. తరువాత తూటాల తయారీ మెరుగుపడింది, దాంతో 9 ఎం.ఎం. కూడా సరిపోతోంది. 9 ఎం.ఎం.కు అదురు తక్కువ కాబట్టి రెండో గుండుకు గురి త్వరగా కుదురుతుంది. పైగా గ్లాక్ కంపెనీ పిస్టల్ గ్లాక్ 22 మ్యాగజైన్‌లో (తూటాల పెట్టెలో) .40 తూటాలు 15 పడితే, అదే పరిమాణమున్న గ్లాక్ 17లో 9 ఎం.ఎం.వి 17 పడతాయి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. మరి ట్రిగ్గర్ సంగతి?

జవాబు 2: గ్లాక్‌కు బొటనవేలితో తీసే సేఫ్టీ మీట ఉండదు. అందుకే పొరపాటున పేలకుండా న్యూయార్క్ నగర పోలీసు శాఖ ట్రిగ్గర్ బరువును (దాన్ని లాగడానికి కావాల్సిన బలాన్ని) సుమారు 12 పౌండ్లకు పెంచింది. అంత బరువు లాగేటప్పుడు పిస్టల్ మూతి పక్కకు జరుగుతుంది కనుక, నా దృష్టిలో అది మంచి బేరం కాదు.