ఫ్రైడ్ లివర్‌తో గెలిస్తే అది ఆటేనా?

పాతబంటు: మొన్న ఆదివారం తార్నాక దగ్గర మా క్లబ్‌లో పదిహేను నిమిషాల చెస్ గేమ్. తెల్లపావులు పదకొండేళ్ళ పాపవి, నల్లపావులు ఒక పెద్దాయనవి. ఈ4 ఈ5, గుర్రాలు బయటికొచ్చాయి, బిషప్ సీ4కి, నల్ల రెండో గుర్రం ఎఫ్6కి. వెంటనే తెల్లగుర్రం జీ5కి దూకింది. ఆయన డీ5 వేసి, బంటు కొడితే గుర్రంతో తిరిగి కొట్టాడు. పాప ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చేసింది, అదే ఫ్రైడ్ లివర్ దాడి. రాజు ఈ6 దాకా నడిచాడు. 20 ఎత్తుల్లోపే మేట్. అంతా బట్టీ. దీన్ని చెస్ అందామా?

రెండుగుర్రాలు: గుర్రంతో కొట్టడమే తప్పు. సీ6లో ఉన్న గుర్రాన్ని ఏ5కి పంపి బిషప్‌ని తరమాలి. బంటు పోయినా ఆట దొరుకుతుంది.

పాతబంటు: జర్మన్ చెస్ దిగ్గజం తార్రాష్ అంతటివాడే ఆ జీ5 ఎత్తుని చేతకానివాళ్ళ ఎత్తని తీసిపారేశాడు.

రెండుగుర్రాలు: తార్రాష్ 1934లోనే పోయాడు, ఆ ఎత్తు మాత్రం బతికే ఉంది. పైగా ఎఫ్7 బలి 1600 ప్రాంతంలో ఇటలీ ఆటగాడు పోలేరియో రాసిపెట్టిందే. చదువుకోవడానికి నాలుగొందల ఏళ్ళు టైమిచ్చారండీ!

కాఫీబ్రేక్: నాలుగో ఎత్తులో బిషప్ సీ5, అంటే ట్రాక్స్‌లర్ ఎదురుదాడి ఆడుంటే పాపకే టెన్షన్ పట్టుకునేది.

పాతబంటు: విషయం అది కాదు.

కాఫీబ్రేక్: టైటిల్ అదే పెట్టారు మరి.

రెండుగుర్రాలు: రాజు ఈ6లో ఉన్నాక డీ5 గుర్రానికి కాపలాగా సీ6 గుర్రం బీ4కి వెళ్ళాలి. ఈ7కి లాగితే తెల్లవాళ్ళు డీ4 తోస్తారు, మధ్యలో దారులన్నీ తెరుచుకుంటాయి. ఆయన ఈ7కే లాగుంటాడు, భయపడి.

పాతబంటు: భయపడి కాదు! పక్కనే వాళ్ళ నాన్న నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తుంటే ఈ7కి వేశాను.

కాఫీబ్రేక్: వేశాను??

రెండుగుర్రాలు: ఓహో. ఆ పెద్దాయన తమరేనా సార్.

పాతబంటు: నేనే. ముప్పై ఏళ్ళుగా వెళ్తున్నా, ఓడిపోవడం నాకేం కొత్త కాదు. ఒకప్పుడు గేమ్ అయ్యాక ఇరానీ చాయ్ తెప్పించుకుని, పావులు వెనక్కి పేర్చి గంటసేపు మాట్లాడుకునేవాళ్ళం. ఆ పాప బుద్ధిగానే చెయ్యి కలిపింది. ‘ఇక్కడ ఇంకేం ఆడొచ్చంటావమ్మా’ అంటూ నేను గుర్రాన్ని సీ6లో పెట్టేలోపు ‘పద, కోచింగ్‌కి లేటయింది’ అని వాళ్ళ నాన్న లాక్కుపోయాడు.

రెండుగుర్రాలు: అది చెప్పకుండా గుర్రాన్ని తిడతారేంటి! అయినా క్లబ్ అద్దె గడుస్తోంది ఆ పిల్లల ఫీజులతోనే. మీ చాయ్ బ్యాచ్‌లో ఎంతమంది మిగిలారు?

పాతబంటు: ముగ్గురం.

నాచారంనైట్: వచ్చే ఆదివారం నేనొస్తా సార్. నల్లపావులు నావి, గుర్రం ఏ5కే.

పాతబంటు: రండి. జీ5 నేను వేస్తా.