సమస్యాపూరణం: తొక్కనాగదు మా బండి, తొక్కకాగు

మైలాపూరు పృచ్ఛకుడు:
ఈ వారం సమస్య తేటగీతిలో. కింది పాదం చివర వచ్చేలా పైన మూడు పాదాలు పూరించండి. మాట నాది కాదు. చెన్నై పుదుప్పేటలో పాత సామాన్ల కొట్ల మధ్య ఒక మిత్రుడి సీజే-3బి జీపు కింద దూరి చూస్తుంటే, ఆయన విసుగ్గా 'తొక్కితే ఆగదు, తొక్కకపోతే ఆగుతుంది' అన్నారు. పద్యపాదంలో ఇరికించడం మాత్రమే నా పని.

తొక్కనాగదు మా బండి, తొక్కకాగు

తాంబరం మాస్టారు:
'తొక్కక ఆగు'ను 'తొక్కకాగు' చేశారు. అత్వసంధి బహుళం, ఒకచోట జరిగి ఒకచోట జరగదు కాబట్టి ఊరుకుంటున్నాను.

అన్నానగర్ అత్తయ్య:
ఇంధనము లేదు, పొగ లేదు, హింస లేదు
రెండు చక్రాల సైకిలు బండి మాది
పాదముల బలమే దాని పరుగు పెంచు
తొక్కనాగదు మా బండి, తొక్కకాగు

తాంబరం మాస్టారు:
హాయిగా ఉందమ్మా. విడుపు ఒక్క మాటలో దొరికింది. రెండో పాదంలో 'రెండు'కి 'బండి' ప్రాసయతి బాగుంది. 'హింస' మాత్రం పాదం మొదటి అక్షరానికి జత కుదిర్చే యతి పిలిస్తే వచ్చిన చుట్టంలా ఉంది.

అన్నానగర్ అత్తయ్య:
చుట్టమే మాస్టారూ, భోంచేసి వెళ్తుంది లెండి.

కొత్తగా చేరినవాడు:
మొదటి ప్రయత్నం. తప్పులుంటే మన్నించండి.
బ్రేకు పెడలేమొ వదులాయె, కాలు జారె
దిగువ దారిని దడ పుట్టె, తెగువ చచ్చె
ఎగువ దారిని యింధన మింకిపోయె
తొక్కనాగదు మా బండి, తొక్కకాగు

తాంబరం మాస్టారు:
దిగేటప్పుడు ఒకటి, ఎక్కేటప్పుడు ఒకటి! సమస్యను రెండు ముక్కలు చేసి రెండు దారుల్లో పడేశావు నాయనా, శభాష్. మొదటి పాదంలో యతి తప్పింది. 'బ్రే'కి 'కా' కుదరదు. 'భీతి కలిగె' అని చూడు, లేదా ప్రాసయతితో 'వదులాయె నాకువోలె' అను. పెడల్ ఆకులా ఊగుతున్నట్టు బొమ్మ కూడా కడుతుంది.

కొత్తగా చేరినవాడు:
'ఆకువోలె' తీసుకుంటున్నాను గురువుగారూ. మా తాతగారి జీపులో అచ్చం అలాగే ఊగేది.

జీపాయన:
ఆ మాట అన్నది నేనే. మీరందరూ కల్పించారు గానీ, నాకు నిజంగానే రెండూ జరిగాయి.
రాడు నిడివిని పెంచగా రాదు తిరిగి
తొట్టిలోనికి నూనె, షూ పట్టు విడదు
కాగి పొంగిన నూనెలో గాలి పుట్టె
తొక్కనాగదు మా బండి, తొక్కకాగు

తాంబరం మాస్టారు:
యతులు, గణాలు అన్నీ సరి. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియలేదు.

జీపాయన:
ఈ జీపులో బ్రేకు పెడల్ నేలలోంచి పైకి వస్తుంది. కింద ఛాసిస్‌కున్న షాఫ్ట్ మీద తిరుగుతుంది. ఆ షాఫ్ట్ చుట్టూ ఉండే గొట్టంలాంటి బుష్ అరిగితే పెడల్ అటూ ఇటూ ఊగుతుంది. నా మెకానిక్ బుష్ మార్చకుండా, బ్రేకు నూనెను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌ను నెట్టే రాడ్‌ను పొడుగు చేసి లూజు లేకుండా బిగించేశాడు. కాలు తీసినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, నూనె తొట్టిలోకి తిరిగి వెళ్లే సన్నటి రంధ్రం మూసుకుపోతుంది. ఇక బ్రేకు షూలు చక్రాలతో తిరిగే డ్రమ్ముల్ని వదలవు. రాసుకుని రాసుకుని వేడెక్కి బండి తనంతట తనే ఆగింది. ఆ వేడికి నూనె మరిగింది. తర్వాత ఎంత తొక్కినా పెడల్ నేలకు తగలడమే.

పెరంబూరు ఫిట్టరు:
ఈ సమస్యకు ఇదే అసలు పూరణ. కానీ మరిగితే పుట్టేది గాలి కాదండీ, ఆవిరి. 'కా'కి 'గా' దొరికింది కదా అని శాస్త్రాన్ని అమ్మేశారు. మూడో పాదం ఇలా మార్చండి:
ఆవిరులు పుట్టి పెడలిట్టె యడుగు తాకె
'నూనె' అన్నందుకు కూడా కొంచెం గొడవ పెట్టుకోవాలి. నిజంగా ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి మొత్తం పోతాయి.

తాంబరం మాస్టారు:
ఆ–అ యతి చక్కగా పడింది. ఈ ఫిట్టరు గారు ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారు?

జీపాయన:
మార్చేశాను. పెడల్ నేలకు తగలడం పద్యంలోకి వచ్చింది, నాకు కావలసింది అదే.

కొత్తగా చేరినవాడు:
అన్నా, మరి బండి సంగతి?

జీపాయన:
పుదుప్పేటలోనే లేతు మీద గన్‌మెటల్ బుష్ తిప్పించాను. షాఫ్ట్‌కి గ్రీజు పెట్టి, పెడల్ దగ్గర అర అంగుళం లూజు ఉండేలా రాడ్‌ను మళ్లీ కుదించాం. పాత బ్రేక్ ఆయిల్ తీసేసి కొత్తది పోసి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు లైన్లో చేరిన గాలి తీశాం. దీనికి ఉన్నది ఒకటే లైను తమ్ముడూ, ఒక్కచోట కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే రెండు రోజులు వీధిలోనే తిప్పి, నిన్న ఏలగిరి కొండ 14 మలుపులూ దిగాను.

మైలాపూరు పృచ్ఛకుడు:
ఎలా ఉంది?

జీపాయన:
తొక్కితే ఆగుతోంది, తొక్కకపోతే ఆగడం లేదు. మీ సమస్యకు ఇక మా బండి పనికిరాదు.